కొడుకులకంటె అయిదేళ్ళు పెద్ద

'గుండమ్మ కథ' 1962 జూన్‌లో విడుదలైంది. అందులో ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావు అన్నదమ్ములు. వాళ్ళ తండ్రి జమీందారు వెంకట్రామయ్య వేషం ఎస్.వి.రంగారావుగారిది. అప్పటికి పెద్దకొడుకుగా వేసిన రామారావుగారికి ముప్ఫై తొమ్మిదేళ్ళు. మరి తండ్రికి? నలభై మూడు. వచ్చే నెలకి నలభై నాలుగు నిండుతాయి. తండ్రీకొడుకుల మధ్య నిండా అయిదేళ్ళ తేడా కూడా లేదు! ఆ సినిమా మన ఇళ్ళలో ఎన్నిసార్లు చూసి ఉంటామో లెక్కలేదు. అయినా ఈ లెక్క ఎవరికైనా ఎప్పుడైనా తట్టిందా? తట్టదు. ఆయన మెట్లు దిగి వస్తుంటే ఆ ఇంటికి పెద్ద ఆయనే అని మనకు తెలిసిపోతుంది, అంతే.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. 'మాయాబజార్' 1957 మార్చిలో వచ్చింది. అందులో ఘటోత్కచుడు కృష్ణుడికన్నా ఒక తరం చిన్నవాడు. కృష్ణుడు వేసిన రామారావుగారికి అప్పుడు ముప్ఫై మూడు, ఘటోత్కచుడికి ముప్ఫై ఎనిమిది. అంటే ఒకే మనిషి, ఒకే నటుడి పక్కన, ఒకసారి పిల్లవాడై చేతులు కట్టుకు నిలబడ్డాడు, అయిదేళ్ళు తిరిగాక తండ్రై కుర్చీలో కూర్చున్నాడు. రెండుసార్లూ మనం నమ్మాం.

ఇలాంటి నటుణ్ణి హాలీవుడ్‌లో 'క్యారెక్టర్ యాక్టర్' అన్నారు. మన పత్రికలు 'సహాయ నటుడు' అన్నాయి. ఆ మాట నాకు ఎప్పుడూ అంతగా రుచించదు. ఎవరికి సహాయం? 'పాతాళభైరవి'లో మాంత్రికుణ్ణి తీసేస్తే తోట రాముడికి చెయ్యడానికి పనేముంది? ఏమైనా హాలీవుడ్ వాళ్ళు ఆ రకం నటులను గౌరవించడం ముందే నేర్చుకున్నారు. 1936 నాటి చిత్రాల నుంచే ఆస్కార్‌లో వాళ్ళకు వేరే బహుమతి పెట్టారు. వాల్టర్ బ్రెన్నన్ అనే ఆయన అయిదేళ్ళలో మూడుసార్లు దాన్ని ఇంటికి పట్టుకుపోయాడు. మన దేశంలో జాతీయ సినిమా బహుమతుల్లో సహాయ నటుడికంటూ ఒకటి మొదలైంది 1984 చిత్రాలతో. రంగారావుగారు పోయింది 1974లో. ఇక ఎవరికి చెప్పుకుంటాం?

సామర్ల వెంకట రంగారావు 1918 జూలై 3న కృష్ణాజిల్లా నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరనాయుడుగారిది ఎక్సైజు శాఖలో ఉద్యోగం. బదిలీల ఉద్యోగమేమో, పిల్లవాడు మద్రాసులో నాయనమ్మ దగ్గర పెరిగాడు, తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూల్లో చదివాడు. తర్వాత కాకినాడ పి.ఆర్. కాలేజీలో బి.యస్సీ. కాకినాడలో అప్పుడు 'యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్' అని ఒక నాటక సమాజం ఉండేది. అంజలీదేవి, ఆదినారాయణరావు వంటివారు అక్కడినుంచి వచ్చినవారే. మన రంగారావుగారు కూడా చదువు ఒక పక్క, ముఖానికి రంగు ఒక పక్క నడిపారు. తెలుగు నాటకాలే కాక షేక్‌స్పియర్ పాత్రలూ వేశారు. తర్వాత ఆయన నోట తెలుగుమాట అంత నింపాదిగా, ప్రతి అక్షరం విడివిడిగా పలకడం వెనుక ఈ రెండు రకాల సాధన ఉందని నా అనుమానం.

చదువయ్యాక ఆయన చేరింది ఫైర్ సర్వీసులో. బందరులోనూ విజయనగరంలోనూ ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. మంటలార్పే ఉద్యోగంలో తీరిక బాగానే ఉండేదేమో గాని, నాటకాలు ఆడే తీరిక లేకపోయింది. వదిలేశారు. ఆ సమయానికి దూరపు బంధువు, దర్శకుడు బి.వి.రామానందంగారు 'వరూధిని' సినిమా తీస్తూ కబురు పెట్టారు. 1947లో విడుదలైన ఆ చిత్రంలో ఆయన వేషం ఏమిటో తెలుసా? ప్రవరాఖ్యుడు! హిమాలయాలకు వెళ్ళి దారితప్పి, అప్సరస వలచి వచ్చినా చలించని ఆ అందగాడు. గద పట్టిన ఘటోత్కచుణ్ణి ముందు చూసి తర్వాత ఈ సంగతి విన్నవాళ్ళకు నవ్వు వస్తుంది. సినిమా ఆడలేదు. ఆడి ఉంటే మనకో మామూలు హీరో దొరికి ఉండేవాడేమో.

ఇక్కడినుంచి కథ మనకు, అంటే ఈ షువైఖ్‌లో కూర్చుని ఈ సంచిక చదువుతున్నవాళ్ళకు, బాగా దగ్గరవుతుంది. సినిమా పోయింది, వేషాలు రాలేదు. ఆయన రైలెక్కి జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. బడ్జెట్ అసిస్టెంటు. పరాయి రాష్ట్రం, పరాయి భాష, ఉక్కు కర్మాగారం పొగ. పగలంతా అంకెలు. అయితే అక్కడా ఆంధ్రులు ఉన్నారు, వాళ్ళకో సంఘం ఉంది, ఆ సంఘం నాటకాలు వేసేది. 'వీరాభిమన్యు'లో ఆయన కర్ణుడు. షువైఖ్ గ్యారేజీల్లోంచి, రేవులోంచి, ఆఫీసుల్లోంచి అలిసిపోయి వచ్చి, స్నానం చేసి, కారులో నలుగురిని కుక్కుకుని రిహార్సలుకు పరిగెత్తే మన సంఘం సభ్యులకు నేను ఇంతకంటె వివరించి చెప్పనక్కర్లేదు. రేపు పొద్దున డ్యూటీ ఉందని తెలిసీ రాత్రి పదకొండింటిదాకా ఒక పద్యం కోసం గొంతు చించుకోవడం ఏమిటో మనకు తెలుసు. అలాంటి సంఘం నాటకంలో కర్ణుడు వేసిన గుమాస్తా ఒకాయన మూడు నాలుగేళ్ళలో నేపాళ మాంత్రికుడయ్యాడు.

అది కూడా అంత సాఫీగా కాలేదు. బి.ఎ.సుబ్బారావుగారు 'పల్లెటూరి పిల్ల' తీస్తూ అందులో ప్రతినాయకుడు కంపన దొర వేషానికి రమ్మని ఆయనకు కబురు చేశారు. బయల్దేరే వేళకు తండ్రి పోయారన్న వార్త. కర్మకాండలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆలస్యమైంది, వేషం ఎ.వి.సుబ్బారావుగారికి వెళ్ళిపోయింది. ఊరినుంచి అలాంటి వార్త వచ్చి, సెలవు అడిగి, విమానం టిక్కెట్టు వెతికి, పోయి వచ్చేసరికి ఇక్కడి కుర్చీ మరొకరిదైన అనుభవం మనలో కొందరికైనా ఉంటుంది. ఆ పరిస్థితిలో చాలామంది తిరిగి ఉద్యోగానికే పోతారు. ఇంట్లోవాళ్ళు చెప్పేదీ అదే. రంగారావుగారు జంషెడ్‌పూర్ పోలేదు. అదే సినిమాలో ఒక చిన్న వేషం ఇస్తే పుచ్చుకున్నారు. 'మనదేశం', 'తిరుగుబాటు' చిత్రాల్లోనూ అంతంతమాత్రం వేషాలే. పట్టభద్రుడు, మాజీ ఫైర్ ఆఫీసరు, ముప్ఫై దాటినవాడు, మద్రాసులో చిన్న వేషాల కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచే ఘట్టం ఇది. అవార్డులు తర్వాత సంగతి.

విజయా వారు 1950లో తమ తొలి చిత్రం 'షావుకారు' తీసినప్పుడు సున్నం రంగడు అనే పల్లెటూరి రౌడీ వేషం ఆయనకు దొరికింది. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. ఆ సినిమాలో గోవిందరాజుల సుబ్బారావుగారు షావుకారు. ఆ మహానటుడి ఎదుట నిలబడి చూపు తిప్పుకోనివ్వకపోవడం చిన్న విషయం కాదు. ఆ రంగడు ఊళ్ళో ఎక్కడో చూసినవాడిలాగే ఉంటాడు. కల్లు వాసన వస్తుందా అనిపిస్తుంది. మరుసటి ఏడాదే, 1951 మార్చిలో, అదే సంస్థనుంచి కె.వి.రెడ్డిగారి 'పాతాళభైరవి'. ఆ రౌడీయేనా ఈ మాంత్రికుడు అని జనం నోరు వెళ్ళబెట్టారు.

నేపాళ మాంత్రికుడు నిజానికి భయంకరుడు. తోట రాముణ్ణి బలి ఇవ్వడానికి తీసుకుపోతున్నవాడు. కాని ఆ వేషాన్ని ఆయన కేవలం భయపెట్టడానికి వాడలేదు. ఆ 'డింభకా' అన్న పిలుపులో ఒక ముద్దు ఉంది. పింగళి నాగేంద్రరావుగారు రాసిన మాటలను నాలుకమీద అటూ ఇటూ దొర్లించి, రుచి చూసి, అప్పుడు వదులుతాడు. శిష్యుడు సదాజపుడితో విసుక్కోవడం చూడండి, పనివాడు సరిగా లేని వర్కుషాపు యజమాని విసుగది. మాంత్రికుడు సగంలో చచ్చిపోతే, శిష్యుడు వచ్చి బతికించేదాకా సినిమా ఏదో బోసిపోయినట్టుంటుంది. విలన్ మళ్ళీ బతికినందుకు ప్రేక్షకుడు సంతోషించే సినిమాలు మనకు ఎన్ని ఉన్నాయి? 1952లో దేశంలో మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

మాంత్రికుడు అంత పేరు తెచ్చాక మామూలుగా ఏం జరగాలి? ఇంకో పది మాంత్రికుల వేషాలు రావాలి, నటుడు గడ్డం తీయకుండానే జీవితం గడిచిపోవాలి. మన సినిమాల్లో చాలామందికి జరిగింది అదే. ఈయన విషయంలో ఏం జరిగిందో చెప్పడానికి 1955 అనే ఒక్క సంవత్సరం తీసుకుంటాను.

జనవరిలో 'మిస్సమ్మ'. అప్పాపురం జమీందారు గోపాలం. బడి పెట్టి, దాన్ని నడపడానికి భార్యాభర్తలైన పట్టభద్రులు కావాలని ప్రకటించిన పెద్దమనిషి. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటిస్తూ వచ్చినవాళ్ళు రామారావు, సావిత్రి. ఆ సినిమాలో హాస్యమంతా ఈ జమీందారు మంచితనంమీద నిలబడి ఉంది. ఆయన ఏ కాస్త అనుమానపు మనిషైనా, ఏ కాస్త కోపిష్ఠి అయినా ఆ అబద్ధం మనకు నవ్వు తెప్పించదు, భయం తెప్పిస్తుంది. తప్పిపోయిన కూతుర్ని తలుచుకుంటూ, ఎదురుగా ఉన్న మిస్సమ్మను ఆదరంగా చూసే ఆ చూపు ఎక్కడా శ్రుతి మించదు. హాస్య చిత్రంలో నవ్వించకుండా ఉండడమే ఆయన చేసిన పని, అది నవ్వించడంకన్నా కష్టం.

మార్చిలో బి.ఎన్.రెడ్డిగారి 'బంగారుపాప'. జార్జ్ ఎలియట్ అనే ఆంగ్ల రచయిత్రి రాసిన 'సైలస్ మార్నర్' నవల దీనికి ఆధారం. పాలగుమ్మి పద్మరాజుగారు దాన్ని తెలుగు నేలమీద నాటారు. జైలునుంచి పగతో తిరిగి వచ్చిన కోటయ్య అనే మొరటువాడికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. చంపడానికి బయల్దేరిన చేతులు ఉయ్యాల ఊపవలసి వస్తాయి. ఆ చేతులనే చూడండి. పాపను ఎత్తుకోవడం తెలియని చేతులు, ఎక్కడ పట్టుకుంటే ఏం విరుగుతుందో అని భయపడే చేతులు. పిల్ల పెద్దదయ్యేసరికి ఆ మనిషి మెడ వంగుతుంది, అడుగు మెత్తబడుతుంది, ముసలితనం వస్తుంది. నటుడి వయసు ముప్ఫై ఆరు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ గౌరవం పొందినా ఈ సినిమా జనంలో 'మాయాబజార్' అంతగా తిరగలేదు. నన్ను అడిగితే రంగారావుగారి వేషాలన్నిటిలోకీ ఇదే మొదటిది. కీచకుడంటే ప్రాణం పెట్టేవాళ్ళు నాతో పోట్లాడవచ్చు, శుక్రవారం ఇంట్లోనే ఉంటాను.

ఏప్రిల్‌లో 'అనార్కలి'. ఈయన అక్బర్ చక్రవర్తి. కొడుకు సలీం అక్కినేని. ప్రేమకు అడ్డుపడే తండ్రి, న్యాయం తప్పలేని పాదుషా, రెండూ ఒకే ముఖంలో. అక్టోబరులో 'జయసింహ'. ఈయన రుద్రసింహుడు, సింహాసనం కోసం సొంతవాళ్ళనే చంపజూసే పినతండ్రి. ఒకే సంవత్సరంలో సాత్వికుడైన జమీందారు, జైలుపక్షి, మొగల్ చక్రవర్తి, రాజ్యం కాజేసే రాజబంధువు. నలుగురి నడకా వేరు. నలుగురు కుర్చీలో కూర్చునే తీరూ వేరు. గోపాలం కుర్చీని వాడుకుంటాడు, అక్బర్ కుర్చీని ఆక్రమిస్తాడు. కోటయ్య కుర్చీ ఉన్నా నేలమీదే కూర్చుంటాడేమో అనిపిస్తుంది.

ఇక ఘటోత్కచుడు. ఈ దేశంలో పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు రంగారావుగారు ముందుగా పరిచయమయ్యేది ఈ వేషంతోనే. తెలుగు సరిగా రాని పిల్లలు కూడా లడ్డూలు వాటంతట అవే నోట్లోకి ఎగిరిపోయే ఆ విందు చూసి కిలకిలా నవ్వుతారు. మార్కస్ బార్‌ట్లీ కెమెరా మాయ అది. గొంతు మాధవపెద్ది సత్యంగారిది. పాట పాడింది రంగారావే అని ప్రమాణం చేసి చెప్పేవాళ్ళను చూశాను. గొంతూ మనిషీ అంతగా అతికిపోయాయి. 2010లో రంగులద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు మూడు తరాలవాళ్ళు కలిసి వెళ్ళి చూశారు.

పెద్దవాళ్ళు గమనించవలసింది ఇంకొకటి ఉంది. సినిమా రెండో సగంలో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉంటాడు. అంటే తెరమీద ఉన్నది సావిత్రి, ఆమె లోపల ఉన్నది రంగారావు. సావిత్రి మీసం లేకుండానే మీసం దువ్వుతుంది, చీర కట్టుకుని రాక్షసుడి అంగలు వేస్తుంది, ఎవరైనా వస్తే చటుక్కున సిగ్గుపడుతుంది. ఆ మహానటి ప్రతిభ గురించి చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కాని ఒక సన్నటి అమ్మాయి రెండు అంగలు వేయగానే అది ఘటోత్కచుడని మనం గుర్తుపట్టామంటే, అంతకుముందు ఆ నడకను, ఆ భుజాల కదలికను రంగారావుగారు ఎంత స్పష్టంగా గీసిపెట్టి ఉండాలి! చెడిపోయిన దస్తూరీని ఎవరూ అనుకరించలేరు. పింగళివారి 'వీరతాడు' మన మాటల్లోకి వచ్చిందంటే అదీ ఆయన నోటి చలవే. ఈనాటికీ పిల్లవాడు పరీక్ష పాసైతే వీడికో వీరతాడు వెయ్యాలంటాం.

1963 అక్టోబరులో 'నర్తనశాల'. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం, సముద్రాల రాఘవాచార్యులవారి మాటలు. రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, బరువులెత్తడంలో పేరుపొందిన దండమూడి రాజగోపాలరావు భీముడు. రంగారావుగారు కీచకుడు. కథ ప్రకారం కీచకుడు మధ్యలోనే చచ్చిపోతాడు. ఆ తర్వాత గోగ్రహణం ఉంది, ఉత్తరకుమారుడి హాస్యం ఉంది, అర్జునుడి యుద్ధం ఉంది. అయినా 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఎవరికి వచ్చింది? ఈ మధ్యలో చచ్చిపోయిన వాడికే. కళా దర్శకుడు టి.వి.ఎస్.శర్మగారికీ అక్కడే బహుమతి వచ్చింది.

అక్కడి న్యాయనిర్ణేతల్లో తెలుగు వచ్చినవాళ్ళు ఉన్నారని అనుకోను. విరటుడి కొలువు, అజ్ఞాతవాసం వాళ్ళకేం తెలుసు? మరి ఏం చూశారు? బహుశా ఆ బద్ధకం చూసి ఉంటారు. ఆయన కీచకుడు తొందరపడడు. రాజ్యం తన బలంమీద నడుస్తున్నదని తెలిసినవాడు, అడిగింది కాదనే మనిషిని ఇంతవరకు చూడనివాడు ఎలా ఉంటాడో అలా ఉంటాడు. సైరంధ్రిని చూసిన తర్వాత ఆ నింపాదితనం కరగడం మొదలవుతుంది. కోరిక వెనుక ఒక అమాయకత్వంకూడా కనిపిస్తుంది. చావబోతున్నాడని మనకు తెలుసు, చావాలనీ కోరుకుంటాం, అయినా నర్తనశాలకు ముస్తాబై వెళ్ళేటప్పుడు ఎక్కడో చిన్న జాలి. దుర్మార్గుణ్ణి మనిషిగా చూపించడం అంటే ఇదే. దానికి భాష అక్కర్లేదు, జకార్తాలోనైనా తెలుస్తుంది.

తర్వాత వచ్చిన పౌరాణికాలన్నీ ఒకే ఎత్తులో లేవు. 1967 నాటి ఎ.వి.ఎం. వారి 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు బాగుంటాడు. చిన్నారి రోజారమణి హరినామం చెప్పినప్పుడల్లా ఆ తండ్రి ముఖంలో కోపంకంటె ముందు దెబ్బ తగిలిన బాధ కనబడుతుంది. 1971లో బాపుగారి 'సంపూర్ణ రామాయణం'లో రావణుడికీ హుందాతనం ఉంది. కాని మరికొన్ని చిత్రాల్లో అదే కిరీటం, అదే వికటాట్టహాసం. ఆయన తప్పనను, పిలిచినవాళ్ళు మరోటి అడగలేదు. చరిత్ర చిత్రాల్లో 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' చెప్పుకోదగ్గది. అందులో బొబ్బిలి రాజు రంగారావు పాత్ర రామారావుగారిది, తాండ్ర పాపారాయుడి పాత్ర మన రంగారావుగారిది. చిన్నపిల్లలకు కథ చెప్పేటప్పుడు ఈ పేర్లతో తికమక పడకుండా చూసుకోండి.

తమిళులు ఆయన్ను తమవాడనే అనుకున్నారు. హిందూ హైస్కూలు చదువు ఊరికే పోలేదు. విజయా వారు తెలుగు, తమిళాల్లో తీసిన 'మిస్సమ్మ', 'మాయాబజార్' రెంటిలోనూ నాయకులు మారారుగాని జమీందారూ ఘటోత్కచుడూ మారలేదు. 1960లో శివాజీ గణేశన్‌తో 'పడిక్కాద మేదై', 1962లో రామారావుతో అదే కథ 'ఆత్మబంధువు'. 1963లో తమిళంలో 'నానుమ్ ఒరు పెణ్', 1965లో అదే 'నాదీ ఆడజన్మే'. అన్నిటిలోనూ హీరో స్థానికుడు, ఇంటిపెద్ద మాత్రం ఒక్కడే. ఇక్కడ మన పక్కింటి తమిళ కుటుంబంతో సినిమా కబుర్లు మొదలుపెట్టాలంటే రంగారావు పేరు చెప్పి చూడండి, టీ తప్పకుండా వస్తుంది.

ఆ ఇంటిపెద్ద వేషాల గురించే నాకు చివరగా చెప్పాలని ఉంది. 'తోడికోడళ్ళు'లో కోపం వస్తే ఇల్లు పీకి పందిరేసే అన్నగారు. 'ఆత్మబంధువు'లో ఆస్తి పోగానే కన్నకొడుకులు మొహం చాటేస్తే, పెంచుకున్న పనివాడి చేతి అన్నం తినవలసి వచ్చిన తండ్రి. వీళ్ళు గద పట్టుకోరు, మీసం మెలెయ్యరు. పడకకుర్చీ, చేతికర్ర, కళ్ళజోడు. ఆ కళ్ళజోడు తీసి తుడుచుకునే లోపల ఎంత కథ నడిచిపోతుందో! పెద్ద గొంతు ఉన్న నటుడు గొంతు తగ్గిస్తే దాని బరువు వేరు. ఆయనకు ఆ సంగతి తెలుసు.

1973లో 'తాత మనవడు' వచ్చింది. దాసరి నారాయణరావుగారికి దర్శకుడిగా తొలి చిత్రం, రాజబాబు మనవడు. కష్టపడి చదివించిన కొడుకు పైకొచ్చాక కన్నవాళ్ళను కాదనుకుంటాడు. ఆ ముసలి తండ్రి రంగారావు, తల్లి అంజలీదేవి. కాకినాడ క్లబ్బునాటి తోటి నటి. ఈ సినిమాను ఇక్కడ కూర్చుని చూడడం అంత తేలిక కాదు. మనం కన్నవాళ్ళను కాదనుకున్నవాళ్ళం కాదు, నెలనెలా పంపుతూనే ఉన్నాం, ఫోను చేస్తూనే ఉన్నాం. అయినా గడప దగ్గర కూర్చుని దారివైపు చూసే ఆ ముసలాయన ముఖం కనబడగానే కడపలోనో అమలాపురంలోనో రాజంపేటలోనో ఉన్న మరో ముఖం దానిమీద పరుచుకుంటుంది. గదిలో ఎవరూ ఎవరి వంకా చూడరు. ఎవరో లేచి మంచినీళ్ళకు వెళతారు. అప్పటికి నటుడి వయసు యాభై నాలుగు. మనలో చాలామంది ఇంకా డ్యూటీలు చేస్తున్న వయసు.

ఆయన చేసిన ఇతర పనులు కొన్ని ఉన్నాయి. 1967లో 'చదరంగం', 1968లో 'బాంధవ్యాలు' సొంతంగా తీసి దర్శకత్వం వహించారు. రెంటికీ రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు వచ్చాయి, 'బాంధవ్యాలు'కు బంగారు నందే వచ్చింది. చక్కని చిత్రాలు, కాని నటుడిగా ఆయన ఎక్కిన ఎత్తు దర్శకుడిగా ఎక్కలేదనే నా అభిప్రాయం. కథలు కూడా రాశారు, పత్రికల్లో అచ్చయ్యాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో పోయారు. యాభై ఆరేళ్ళు నిండి పదిహేను రోజులు. తెరమీద ఎన్ని తరాలకు తాతయ్యాడో, నిజంగా ముసలివాడయ్యే అవకాశం మాత్రం ఆయనకు రాలేదు. విశ్వనట చక్రవర్తి, నట యశస్వి అని అభిమానులు బిరుదులిచ్చారు. కేంద్రప్రభుత్వం మాత్రం ఒక్క పద్మ పురస్కారం కూడా ఇవ్వలేదు. 2013లో భారతీయ సినిమాకు వందేళ్ళు నిండిన సందర్భంగా తపాలాశాఖ యాభైమంది సినిమావాళ్ళ బిళ్ళలు విడుదల చేస్తే వాటిలో ఆయన బొమ్మ ఉంది. 2019 అక్టోబరులో తాడేపల్లిగూడెంలో చిరంజీవిగారు ఆయన కాంస్య విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ దారిన సెలవుకు వెళ్ళేవాళ్ళు పిల్లల్ని దింపి చూపించవచ్చు.

ఆయన చివరి చిత్రం 'యశోద కృష్ణ' 1975లో, ఆయన పోయిన తర్వాత, విడుదలైంది. వేషం కంసుడు. ఆ ఏడు హాలుకు వెళ్ళినవాళ్ళు, లేడని తెలిసిన మనిషి కిరీటం పెట్టుకుని సింహాసనంమీద కూర్చుని ఆజ్ఞలిస్తుంటే చూశారు.